నాగలి చుక్కలు

చిలకలగూడలో మేము అద్దెకుండే ఇంటి డాబా మీద నుంచి చూస్తే, మబ్బులేని రాత్రి కూడా ముప్పై నలభై చుక్కలకు మించి కనబడవు. ఒకపక్క సికింద్రాబాద్ స్టేషన్ వెలుగు, ఇంకోపక్క వారాసిగూడ, సీతాఫల్‌మండి వీధి దీపాలు. ఆకాశం నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. మా ఉట్నూరు వైపు అడవి పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఇది మొదట్లో దిగులు పుట్టిస్తుంది. పరీక్షల కోచింగుకనీ, చదువుకనీ నగరానికి వచ్చిన మన పిల్లలు ఆదివారం సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళలో ఒకడు మొన్న అన్నాడు: "మేడం, ఇక్కడ చుక్కల్ని కూడా ఎవరో పట్టా చేయించుకున్నట్టున్నారు." అందరూ నవ్వారు. ఆ మాటలో నిజం ఉంది కాబట్టే నవ్వు వచ్చింది.

కానీ ఆ మిగిలిన కొద్ది చుక్కలే చాలు, ఒక నక్షత్రం పుట్టుక నుంచి చావు దాకా చెప్పడానికి. ఉపాధ్యాయ మిత్రులకూ, చదువుకుంటున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఆ సంగతి చెబుదామనే ఈ వ్యాసం.

ముందు మన ఇంటి మాట. మా అవ్వకు అక్షరం రాదు. చుక్కను గోండిలో సుక్కుం అంటాం. చలికాలం రాత్రి వరుసగా కనబడే మూడు చుక్కల్నీ, వాటి కింద వేలాడే చిన్న చుక్కల్నీ కలిపి ఆమె నాంగెల్ అని చూపించేది. అంటే నాగలి. ఉత్తరాన కనబడే ఏడు చుక్కల్లో నాలుగింటిని కట్టుల్ అనేది, అంటే మంచం. అది ఒక ముసలమ్మ మంచం. వెనక వచ్చే మూడు చుక్కలు దొంగలు. ముసలమ్మ కన్ను మూస్తే మంచం ఎత్తుకుపోదామని తిరుగుతుంటారు. అందుకే ఆమె నిద్రపోదు. ఆకాశం నడిమధ్య తెల్లగా సాగే దారిని పశువులు నడిచిన బాట అనేవాళ్ళు మా పెద్దలు. తెలుగులో దాన్నే పాలపుంత అంటారు. పుంత అన్నా బండ్లూ పశువులూ నడిచే దారే. రెండు భాషలవాళ్ళూ ఆకాశంలో ఒకే బాట చూశారు.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే అనుకోకండి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త మయాంక్ వాహియా, అమరావతికి చెందిన గణేశ్ హల్కారే కలిసి మధ్య భారతంలోని గోండు పల్లెలు తిరిగి పెద్దవాళ్ళను అడిగారు. వాళ్ళు చెప్పిన నాగలినీ, మంచాన్నీ, దొంగల్నీ రాసుకుని 2013లో ఖగోళ చరిత్ర పత్రికలో వ్యాసంగా వేశారు. అవ్వలు చెప్పింది శాస్త్రవేత్తలు కూర్చుని రాసుకున్నారన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

మన మధ్య రెండు రకాల మాటలు వినబడతాయి. మొదటిది బయటివాళ్ళది: ఇవన్నీ అడవి మనుషుల కట్టుకథలు, బడికి వచ్చాక మరిచిపోవాలి అని. రెండోది మనవాళ్ళలోనే కొందరిది: మన పూర్వీకులకు అన్నీ ముందే తెలుసు, కొత్తగా నేర్చుకునేదేముంది అని. రెండూ పిల్లల్ని చదువుకు దూరం చేసేవే. అవ్వకు ఏ చుక్క ఎప్పుడు పొడుస్తుందో తెలుసు, దాన్ని బట్టి పొద్దు తెలుసు, కాలం తెలుసు. ఆ చుక్క లోపల ఏముందో ఆమెకు తెలియదు. తెలుసుకునే సాధనం ఆమె చేతిలో లేదు. ఆమె చూపించిన చోటనే మనం సాధనం పెట్టి చూడాలి. అప్పుడు ఆమె చెప్పింది నిలుస్తుంది, మనం నేర్చుకున్నదీ నిలుస్తుంది.

ఇక నాగలి దగ్గరికి వద్దాం. జనవరి నెలలో రాత్రి ఎనిమిది గంటలకు తూర్పు దిక్కున పైకి చూడండి. వరుసగా మూడు చుక్కలు చిలకలగూడలో కూడా కనబడతాయి. ఇంగ్లీషు పుస్తకాలు ఈ గుంపును ఓరియన్ అనే వేటగాడంటాయి, ఆ మూడు చుక్కలు అతని నడుంపట్టీ. మనకు నాగలి. దాని కింది భాగంలో మధ్య చుక్కను పరీక్షగా చూస్తే చుక్కలా ఉండదు, మసకగా ఉంటుంది. బైనాక్యులర్ ఉంటే చిన్న పొగ మరకలా కనబడుతుంది. అది ఓరియన్ నెబ్యులా. దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాయువు, ధూళి మేఘం. ఈ రాత్రి మన కంటికి చేరిన ఆ వెలుగు 1,350 ఏళ్ళ కిందట అక్కడి నుంచి బయలుదేరింది. ఆ మేఘంలో ఇప్పటికీ కొత్త నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి. మన నాగలి దున్నే చోటే చుక్కలు మొలకెత్తుతున్నాయి. అవ్వకు ఈ సంగతి తెలిసి నాగలి అనలేదు, కుదిరింది అంతే. కుదిరినందుకు సంతోషపడదాం, శాస్త్రం అని మాత్రం చెప్పొద్దు.

నక్షత్రం ఎలా పుడుతుంది? అలాంటి మేఘాలు చాలా చల్లగా ఉంటాయి, నక్షత్రాలు పుట్టే చోట సున్నాకు దిగువన 260 డిగ్రీల వరకూ ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం హైడ్రోజన్, తరువాత హీలియం, కొంచెం ధూళి. మేఘంలో ఎక్కడైనా కాస్త చిక్కదనం ఏర్పడితే, ఆ చోటు తన ఆకర్షణతో చుట్టుపక్కల వాయువును లాక్కుంటుంది. ఎంత లాక్కుంటే అంత బరువు, ఎంత బరువైతే అంత ఎక్కువ లాగుతుంది. అలా కుంగుతూ కుంగుతూ మధ్యలో వేడెక్కుతుంది. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు కింద చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. అక్కడ జరిగేదీ అదే, కాకపోతే నొక్కేది మేఘం తన సొంత బరువుతో.

మధ్యలో వేడి కోటి డిగ్రీల దాకా పెరిగితే హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసి హీలియంగా మారడం మొదలవుతుంది. ఆ కలయికలో కొంత ద్రవ్యరాశి శక్తిగా మారి బయటికి వస్తుంది. చుక్క వెలిగిందంటే ఇదే. మన సూర్యుడి నడిబొడ్డున ఒకటిన్నర కోటి డిగ్రీల వేడి. అక్కడ ప్రతి సెకనుకూ దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. లోపలి వేడి బయటికి తోస్తుంది, బరువు లోపలికి లాగుతుంది. రెండూ సరిసమానంగా ఉన్నంతకాలం నక్షత్రం స్థిరంగా ఉంటుంది. పుట్టే చుక్క చుట్టూ మిగిలిన వాయువు, ధూళి పళ్ళెంలా తిరుగుతూ గ్రహాలవుతాయి. ఓరియన్ నెబ్యులాలోని పసి నక్షత్రాల చుట్టూ అలాంటి పళ్ళేలను హబుల్ టెలిస్కోపు ఫొటోలు తీసింది.

నాగలి నుంచి పడమటి వైపు చూపు జరిపితే ఎర్రగా మెరిసే ఒక చుక్క, దాన్ని దాటితే చిన్న చుక్కల గుత్తి. ఆ గుత్తిని తెలుగు పల్లెల్లో పిల్లలకోడి అంటారు, పంచాంగంలో కృత్తిక. ఈ పేరు కూడా బాగా కుదిరింది. అవి ఒకే మేఘంలో కలిసి పుట్టిన తోబుట్టువులు. వయసు పది కోట్ల సంవత్సరాలే. నక్షత్రాల లెక్కలో పసిపిల్లలు. మన సూర్యుడికి 460 కోట్ల ఏళ్ళు, నడివయసు. ఇంకో 500 కోట్ల ఏళ్ళకు సరిపడా ఇంధనం ఉంది.

మధ్యలో ఉన్న ఎర్ర చుక్క రోహిణి. కార్తెల పేర్లలో మనం వినే రోహిణే. 65 కాంతి సంవత్సరాల దూరం. అది ముసలి నక్షత్రం. నడిమధ్యలో హైడ్రోజన్ అయిపోయాక నక్షత్రం పైపొరలు ఉబ్బి, చల్లబడి, ఎర్రబడతాయి. రోహిణి ఇప్పుడు సూర్యుడి కంటే అడ్డంగా నలభై రెట్లకు పైగా పెద్దది. మన సూర్యుడూ ఒకనాడు ఇలాగే ఉబ్బుతాడు. తరువాత పైపొరలు రాలిపోయి, భూమి అంత చిన్న నిప్పు ముద్ద మిగిలి, మెల్లగా చల్లారుతుంది. దాన్ని తెల్ల మరుగుజ్జు అంటారు. అలా మిగిలే ముద్ద బరువుకు ఒక హద్దు ఉందనీ, అది సూర్యుడి బరువుకు దాదాపు 1.4 రెట్లనీ తేల్చింది మన దేశపు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో పై చదువుకు ఇంగ్లండు వెళుతూ ఓడలో ఆ లెక్క మొదలుపెట్టినప్పుడు ఆయనకు పంతొమ్మిదేళ్ళు. కోచింగు సెంటర్ల బెంచీల మీద కూర్చున్న మన పిల్లల వయసు.

నాగలికి ఉత్తరంగా ఇంకో ఎర్ర చుక్క ఉంది, అది ఆర్ద్ర. ఇదీ కార్తె పేరే. చాలా బరువైన నక్షత్రం. సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి దాకా మింగేస్తుంది. దాని వయసు కోటి సంవత్సరాలు కూడా ఉండదు, అప్పుడే చివరి దశకు వచ్చింది. పెద్ద నక్షత్రం ఎక్కువ కాలం బతకాలి కదా అని పిల్లలు అడుగుతారు. గరిసెల నిండా వడ్లున్న ఇంట్లో రోజూ విందులు చేస్తే ఏడాది తిరగకముందే గరిసెలు ఖాళీ. ఉన్నది పొదుపుగా వండుకునే ఇంట్లో గింజలు పై వానాకాలం దాకా వస్తాయి. పెద్ద నక్షత్రాలు మొదటి ఇల్లు, చిన్నవి రెండో ఇల్లు.

బరువైన నక్షత్రం నడిమధ్యలో హీలియం నుంచి కార్బన్, ఆక్సిజన్, ఇలా మెట్టు మెట్టుగా ఇనుము దాకా తయారవుతాయి. ఇనుముతో పని ఆగిపోతుంది, దాన్ని కలిపితే శక్తి రాదు. లోపలి తోపు ఆగగానే నడిభాగం ఒక్కసారిగా కూలి, పైపొరలు పేలి చిమ్మేస్తాయి. అదే సూపర్‌నోవా. రోహిణి దగ్గరలోనే అలాంటి పేలుడు ఒకటి 1054లో కనబడింది. చైనావాళ్ళు దాన్ని పగటిపూట కూడా చూసి రాసిపెట్టారు. ఇప్పుడు అక్కడ టెలిస్కోపుతో చూస్తే పీత ఆకారపు మేఘం, దాని మధ్యలో సెకనుకు ముప్పైసార్లు తిరిగే న్యూట్రాన్ నక్షత్రం ఉన్నాయి.

చూశారా, ఒక్క చలికాలపు ఆకాశంలో, రెండు జానల మేరలో పుట్టుక, బాల్యం, ముసలితనం, చావు అన్నీ ఉన్నాయి. చనిపోయిన నక్షత్రం చిమ్మిన ధూళి మళ్ళీ మేఘాల్లో కలుస్తుంది. దాని నుంచి కొత్త నక్షత్రం. పోడు కొట్టి కాల్చిన బూడిదే మొదటి పంటకు బలం అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకాశంలోనూ అదే వ్యవసాయం. మన సూర్యుడు కూడా పాత నక్షత్రాల బూడిద కలిసిన నేల నుంచి మొలిచినవాడే.

బళ్ళలో మన ఆడపిల్లలకు రక్తం తక్కువని ఇనుము మాత్రలు ఇస్తాం కదా. ఆ మాత్రలోని ఇనుమూ, నాగలి కర్రులోని ఇనుమూ, నెత్తుటిలోని ఇనుమూ భూమి పుట్టకముందే పేలిన నక్షత్రాల్లో తయారైనవి. ఎముకల్లో కాల్షియమూ అంతే. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు తమ చేతులు తాము చూసుకుంటారు. ఎవరు పై కులం, ఎవరు అడవి జాతి అన్న లెక్క ఆ ఇనుముకు తెలియదు.

గెలాక్సీల సంగతీ చెప్పాలి. పశువుల బాట అని మనం అన్నది మన గెలాక్సీనే, లోపల ఉండి పక్కనుంచి చూస్తున్నాం. దాని అడ్డం కొలత దాదాపు లక్ష కాంతి సంవత్సరాలు. తక్కువలో తక్కువ పదివేల కోట్ల నక్షత్రాలు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళు. మొదట్లో హైడ్రోజన్, హీలియం తప్ప దాదాపు ఏమీ లేవు. కంటికి కనబడని కృష్ణ పదార్థం ఆకర్షణతో గుమికూడిన చోట్లకు వాయువు చేరి, మొదటి నక్షత్రాలు, చిన్న చిన్న గెలాక్సీలు పుట్టాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవయ్యాయి. కడెం వాగూ ప్రాణహితా కలిసి గోదావరి పెద్దదైనట్టు. మన గెలాక్సీ ఈనాటికీ ధనురాశి వైపు ఉన్న ఒక చిన్న గెలాక్సీని చీల్చి తనలో కలుపుకుంటోంది. 2021 డిసెంబర్ 25న ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు, విశ్వం పుట్టి నలభై కోట్ల ఏళ్ళైనా కాకముందు ఉన్న గెలాక్సీల వెలుగును పట్టుకుంది. వాయువు మిగిలి ఉన్న గెలాక్సీలో నక్షత్రాలు పుడుతూ ఉంటాయి. అయిపోయిన గెలాక్సీ మెల్లగా ఎర్రబడి ముసలిదవుతుంది.

ముసలమ్మ మంచం గురించి ఒక ముచ్చట. ఆ ఏడు చుక్కల్లో రెండు చివర్లవి తప్ప మధ్యలోని అయిదూ ఒకే మేఘంలో పుట్టి, ఒకే దిక్కుకు కలిసి ప్రయాణిస్తున్నాయి. అంటే మంచం కోళ్ళలో మూడూ, దొంగల్లో ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు. నాలుగో కోడూ, మూడో దొంగా బయటివాళ్ళు. ఇది చెప్పగానే మా డాబా మీద పిల్లలు పడీ పడీ నవ్వారు. మరిచిపోతారని నేననుకోను.

వాళ్ళలో నా మేనకోడలు ఉంది. డిగ్రీలో ఫిజిక్స్ చదివింది. మా ఇంటి నుంచి ఉస్మానియా క్యాంపస్ ఎంతో దూరం లేదు, అక్కడ ఖగోళ శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. పోయిన ఏడు ఒకచోట సలహా అడగడానికి వెళితే, "మీవాళ్ళకు ఇవన్నీ ఎందుకమ్మా, త్వరగా ఉద్యోగం వచ్చేది చూసుకో" అన్నారట. వచ్చి డాబా మీద మౌనంగా కూర్చుంది. "అత్తా, వాళ్ళు చెప్పిందీ నిజమే కదా? నాన్న అప్పు తీరాలి, తమ్ముడు చదవాలి" అంది. అన్న అప్పు ఎంతో నాకు తెలుసు. ఆ మాట తప్పని నేను అనలేకపోయాను.

ఆ రాత్రి ఆమెకు రెండు సంగతులు చెప్పాను. మొదటిది సిసీలియా పేన్ అనే అమ్మాయి సంగతి. నక్షత్రాలు భూమిలాంటి పదార్థంతో చేసినవని అందరూ నమ్మే రోజుల్లో, వాటిలో దాదాపు అంతా హైడ్రోజన్, హీలియమే అని 1925లో తేల్చింది. మేఘ్‌నాద్ సాహా కనిపెట్టిన సమీకరణమే అందుకు ఆమెకు పనికొచ్చింది. అప్పటి పెద్ద శాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రస్సెల్ అది అసాధ్యం అన్నాడు. ఆమె చేత ఆ ఫలితం నిజం కాకపోవచ్చని రాయించుకున్నారు. నాలుగేళ్ళకు ఆయనే ఆమె చెప్పింది సరైందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

రెండోది మన హైదరాబాదుదే. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన ఇక్కడ సొంత టెలిస్కోపుతో వేధశాల పెట్టాడు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, బేగంపేటలో నిజామియా వేధశాల అయింది. ప్రపంచంలోని పలు దేశాలు కలిసి ఆకాశపు పటం గీసే పనిలో దీనికీ వాటా వచ్చింది. 1914 నుంచి 1929 వరకు ఫొటో ఫలకాల మీద ఒక్కొక్క చుక్కనూ కొలిచి, ఏడు లక్షల అరవై వేలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదు చేశారు. అదే రాజ్యంలో, అదే కాలంలో, మన కొండల మీద మనుషుల లెక్క, భూముల లెక్క సరిగ్గా రాసుకున్నవాడు లేడు. జల్, జంగల్, జమీన్ అని అడిగిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాకనే ప్రభుత్వం మనవైపు చూసింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వచ్చింది. నాలాంటి పంతులమ్మల వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. టెలిస్కోపు వచ్చిన నలభై ఏళ్ళకు మనకు పలక వచ్చింది.

ఆ వేధశాలలో పనిచేసిన ఒకాయన కొడుకు, తండ్రి వెంట టెలిస్కోపుల మధ్య పెరిగాడు. పేరు వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్ళాడు. 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనిపెట్టాడు, దానికి ఆయన పేరూ ఉంది. తిరిగి వచ్చి తమిళనాడులోని కావలూరులో వేధశాల నిర్మించాడు. ఇంట్లో ఎవరైనా ఒకరు ఆ పనిలో ఉంటే పిల్లలకు దారి కనబడుతుంది. మన ఇళ్ళలో అలా ముందు నడిచినవాళ్ళు ఇంకా లేరు. ఎవరో ఒకరు మొదటివాళ్ళు కావాలి.

ఆమె ఏం తేల్చుకుంటుందో ఇది రాసే నాటికి నాకు తెలియదు. ఒక చిన్న ఉద్యోగ పరీక్షకూ చదువుతోంది, ఎమ్మెస్సీ దరఖాస్తు కాగితాలూ దగ్గర పెట్టుకుంది. ఆమె ఏది ఎంచుకున్నా ఆ ఇంటి బరువు చూసి ఎంచుకుంటుంది. కానీ "మీవాళ్ళకెందుకు" అన్న మాట విని మాత్రం ఎంచుకోకూడదు.

మిత్రులారా, మనం చేయగల పనులు కొన్ని ఉన్నాయి. నగరం దీపాలు పెరిగి నిజామియా టెలిస్కోపులకు చుక్కలు కరువైతే, ఉస్మానియావాళ్ళు ఇబ్రహీంపట్నం వైపు జాపాల్-రంగాపూర్ గుట్ట మీద 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నారు. చీకటి వెతుక్కుంటూ వాళ్ళు ఊళ్ళ దాకా వెళ్ళారు. మన బళ్ళ దగ్గర ఆ చీకటి ఊరికే దొరుకుతుంది. ఆశ్రమ పాఠశాలల్లో నెలకోసారి అమావాస్య నాడు దీపాలు ఆర్పి పిల్లల్ని ఆరుబయట కూర్చోబెట్టండి. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు వస్తుంది, అప్పటికి నాగలి చుక్కలు నడినెత్తి మీదికి వస్తాయి. జాతరకు వచ్చిన పెద్దలతో పిల్లలు మాట్లాడే రాత్రి అదే. ఏ చుక్కకు ఏ పేరో, ఏ కథో, గోండి, కోలామి, కోయ, మీ ఇంట్లో ఏ భాష ఉంటే ఆ భాషలో రాసి పెట్టండి. పక్కనే ఆ చుక్క వయసూ, దూరమూ, దశా రాయండి. ఎడమ పేజీ అవ్వది, కుడి పేజీ బడిది. రెండు పేజీలున్న నోటుబుక్కు ప్రతి తరగతిలో ఒకటి తయారైతే, పై ఏడాది ఇలాంటి సంపుటి కోసం వ్యాసం రాసేది మీ పిల్లలే అవుతారు.

అవ్వలు ఉండగానే అడగండి. నక్షత్రాలకు కోట్ల ఏళ్ళున్నాయి, వాళ్ళకు లేవు.